నాలుగో వర

తుమ్మలకుంట అడుగు మెతక.
గడ నిలబెడితే
కిందనుంచి ఎవరో లాక్కున్నట్టు
మూడు మూరలు దిగిపోతుంది.
పైకి తీస్తే మురిగిన గుడ్డు వాసన,
మోటారు షెడ్ల గ్రీజు,
ఎవరింటి సబ్బు నురగో.
కొలిచి రాసుకోవడం నా ఉద్యోగం.
ఉద్యోగమంటే, ఆరునెలల కాగితం.

గడ పట్టేది యేసుపాదం.
ఈ కుంటలోనే కొర్రమేనులు పట్టినవాడు,
ఇప్పుడు ఇబ్రహీంపట్నం రింగు దగ్గర
పెంపుడు చేపలు కొని అమ్ముతాడు.
"కడుపు చెడింది అమ్మాయ్ దీనికి.
పట్టు దొరికేదేదన్నా పెట్టాలి" అంటాడు.
మా సారు నలభై పేజీల్లో రాసిందీ అదే.

పొగగొట్టాల మీంచి గాలి మా వీధికి తిరిగిన రోజు
తీగ మీద తెల్లబట్ట తెల్లగా ఆరడం
నేనెరగను.
కిటికీ చెక్క మీద వేలితో
పేరు రాయడం నేర్చుకున్నాను,
మాకు పలక అక్కర్లేకపోయింది.
బూడిద గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు.

అందుకే బాజీ వచ్చి
టిప్పరు మీద టార్పాలిన్ విప్పగానే
ఒళ్లు మండింది.
బూడిద చెరువులోంచి తవ్విన బూడిద.
పక్క బస్తాల్లో
ఉక్కు కొలిమి కక్కేసిన చిట్టెం, పొడిగొట్టింది.
ఎవరికీ అక్కర్లేనివి రెండూ
ఎవరికీ అక్కర్లేని మూడోదానిలోకి!
బాజీ మాత్రం నవ్వాడు.
"ఇన్నాళ్లూ పారబోయమని కిరాయి.
ఇవాళ పనికొస్తుందని కిరాయి.
రేటు అదే మేడం."

నాలుగు సిమెంటు వరలు దించాం బురదలోకి.
ఒకదాంట్లో బూడిద ఒక్కటే.
ఒకదాంట్లో చిట్టెం ఒక్కటే.
మూడోదాంట్లో రెండూ కలిపి, గుప్పెడు సున్నం.
నాలుగోదాన్ని ముట్టుకోలేదు.
ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేసి
రోజూ వెళ్లి చూడటం,
అన్నిటికన్నా కష్టమైన పని అదే.

బూడిదలో పోసిన పన్నీరంటారు గదా,
మా దగ్గర పన్నీరు లేదు.
నీళ్లలో బూడిద పోశాం.

ఇరవై ఎనిమిదో రోజు.
మొదటి వర మీద పాల మీగడలా పొర కట్టింది,
వేలు పెడితే కింద అదే బురద.
రెండోదాంట్లో నీళ్లు కాగితానికి నీలం పూశాయి.
రెండు కప్పపిల్లలు వెల్లకిలా తేలాయి.
రాశాను. చేయి వణికిందని రాయలేదు.

తొంభయ్యో రోజు.
మూడో వరలో గడ జానెడు దిగి
టక్ మంది.
యేసుపాదం నావైపు చూసి
నెమ్మదిగా చేయి వదిలేశాడు.
గడ నిలబడింది.
వంగి వాసన చూశాను.
తడి గోడ వాసన, అంతే.
ఆ సాయంత్రం టీకొట్టు దగ్గర
బాజీకి నేనే డబ్బులిచ్చాను, ఎందుకో.

ఇంకా ఒకటుంది.
బూడిదలోనూ విషముంటుందని నాకు తెలుసు.
ఆ గట్టి ముద్ద దాన్ని ఎన్నాళ్లు పట్టి ఉంచుతుందో తెలీదు.
మూడు సీసాలు గుంటూరు ల్యాబుకి పంపాను.
ఫోన్ చేస్తే "వచ్చే సోమవారం" అంటారు.
సోమవారాలు వస్తున్నాయి.

ఒక పొద్దున మూడో వర లోపలి గోడ మీద
వెంట్రుకంత మెరుపు గీత,
చివర గోరంత నత్త.
నా ఫారంలో నత్తకి గడి లేదు,
మార్జిన్లో రాశాను.
మర్నాటికి నత్త లేదు.
గీత ఉంది. అదీ రాశాను.

యేసుపాదం మాత్రం
వెళ్లేముందు రోజూ నాలుగోదాని దగ్గర ఆగుతాడు.
బుడగలు లేస్తుంటాయి
నిద్రలో పలవరించినట్టు.
"మూడోది మాట మానేసింది,
ఇది ఇంకా ఏదో అడుగుతోంది" అంటాడు.

కుంటంతా ఈ నాలుగోదే.
వర అంచు అవతల, తూటుకాడ కింద,
కొలతకి అందనంత దూరం.
అక్కడ గడ ఇంకా
ఆయన చేతిలోనే ఉంది.